జింకల అడవిలో గొంగడి: విస్కాన్సిన్ చలిలో ఒక వారం

బయలుదేరే ముందు, హైదరాబాద్

మా తమ్ముడు ఇరవై రెండేళ్లుగా అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఓ క్లెయిర్ అనే ఊళ్లో ఉంటున్నాడు. ఏటా నవంబర్ చివర్లో సెలవు పెట్టి ఉత్తరాన ఉన్న అడవికి జింకల వేటకు పోతాడని తెలిసినప్పటి నుంచి నా మనసు ఒప్పుకోలేదు. మా ఇల్లు వనస్థలిపురంలో. మహావీర్ హరిణ వనస్థలి కంచె మా వీధి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. ఒకప్పుడు అది నిజాం వేటాడిన అడవి. మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవం వచ్చిన 1975లో ఆయన పేరు పెట్టి దాన్ని కృష్ణజింకలకు విడిచిపెట్టారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో జింక మీద తుపాకి ఎత్తడం నేరం. అక్కడ మాత్రం తెల్లతోక జింకల సంఖ్యను అదుపులో ఉంచడానికి ప్రభుత్వమే లైసెన్సులిచ్చి వేటకు పంపుతుంది. తుపాకి వేట కాలం తొమ్మిది రోజులు. థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చే శనివారం మొదలవుతుంది. "ఒక్కసారి వచ్చి చూడు అక్కా, ఆ తర్వాత ఎంత తిడతావో తిట్టు" అన్నాడు. ఉద్యోగ విరమణ చేసి రెండేళ్లయింది కాబట్టి ఆగడానికి నాకు కారణమేమీ కనిపించలేదు.

నాకు తెలిసిన చలి హైదరాబాద్ చలి. ఈ నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. డిసెంబర్ తెల్లవారుజామున పన్నెండుకు దిగగానే మనం మంకీ క్యాపులు, శాలువాలు బయటికి తీస్తాం. తమ్ముడు వెళ్లే అడవిలో మైనస్ ఇరవై ఉండవచ్చని విన్నాక రెండు జతల థర్మల్ ఇన్నర్లు, ఒక జాకెట్టు, ఉన్ని చేతిగ్లౌజులు, కాళ్లకు సరిగ్గా పట్టే బూట్లు కొన్నాను. వాటిని పరీక్షించుకోవాలనిపించి లోయర్ ట్యాంక్‌బండ్‌లోని స్నో వరల్డ్‌కు వెళ్లాను. మైనస్ ఐదు డిగ్రీల్లో గంటసేపు పిల్లల మధ్య తిరిగి, ఎక్కడా వణకకుండా బయటికి వచ్చేసరికి నా ఏర్పాట్ల మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంలో ఎంత పెద్ద పొరపాటు ఉందో, ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన నాకు ఆనాడు తట్టలేదు.

చివరి నిమిషంలో బీరువా పై అరలోంచి మా నాయన గొంగడి తీసి పెట్టెలో అడుగున పరిచాను. సిద్దిపేట వైపు కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన నల్ల గొంగడి అది. పడుగు పోగులకు చింతగింజల గంజి పట్టించి నేస్తారు కాబట్టి కొత్తలో అట్టలా బిరుసుగా ఉంటుంది. నలభై ఏళ్ల వాడకంలో ఇది మెత్తబడింది. దాదాపు మూడు కిలోల బరువు. ఎందుకు పెట్టావంటే ఆనాడు నా దగ్గర జవాబు లేదు. చలికి పోతున్నప్పుడు ఇంట్లో గొంగడి ఉండి కూడా తీసుకుపోకపోవడం నాయనకు నచ్చేది కాదనిపించింది, అంతే. దానితోపాటు నువ్వులుండలు, పల్లీ పట్టీలు, అల్లం మురబ్బా సర్దుకున్నాను.

మొదటి రోజు, బుధవారం

శంషాబాద్‌లో విమానం ఎక్కి, మధ్యలో ఒకచోట మారి, మినియాపొలిస్‌లో దిగేసరికి ఒంటికి పగలు రాత్రి తేడా తెలియలేదు. విమానాశ్రయం తలుపు దాటగానే ముక్కు లోపలి తడి గడ్డకట్టి వెంట్రుకలు సూదుల్లా గుచ్చుకోవడం మొదటిసారి అనుభవించాను. కారులో ఓ క్లెయిర్ చేరి పడుకున్నాను.

రెండో రోజు, గురువారం

పొద్దున్నే తమ్ముడు నా పెట్టె విప్పి, నేను కొన్న బట్టలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. ఇన్నర్ల మీద ఉన్న చిన్న చీటీ చదివి పక్కన పెట్టేశాడు. "ఇవి పత్తివి అక్కా. ఇక్కడ పత్తి పనికిరాదు." నీరు గాలికంటే ఇరవై ఐదు రెట్లు వేగంగా వేడిని లాగేస్తుందని నేనే ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను. పత్తి చెమటను పీల్చి ఒంటికి అంటుకుని ఉండిపోతుంది. అంటే పత్తి బనీను తొడుక్కుని చెమట పట్టించుకున్న మనిషి తడిగుడ్డ చుట్టుకుని చలిలో కూర్చున్నట్టే. ఉన్ని అలా కాదు. తన బరువులో మూడోవంతుకు దగ్గరగా తేమను పోగులోపల దాచుకుని కూడా పైకి పొడిగానే ఉంటుంది. ఆ తేమను పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. తమ్ముడు తన భార్యవి రెండు జతల సన్నని మెరినో ఉన్ని ఇన్నర్లు తెచ్చి ఇచ్చాడు.

బూట్ల దగ్గర ఇంకొంచెం చర్చ జరిగింది. సరిగ్గా పట్టే బూటే మంచిదని నా వాదన. రెండు జతల మేజోళ్లు తొడిగి బూటు బిగిస్తే పాదంలో రక్తం ఆడదని, లోపల గాలి నిలిచే చోటు ఉండదని, రెండు మేజోళ్ల వెచ్చదనం కంటే ఆ బిగుతు చేసే నష్టమే ఎక్కువని అతని వాదన. నాకంటే ఒక సైజు పెద్దవైన, లోపల మందపాటి ఫెల్ట్ తొడుగు ఉన్న బూట్లు తెప్పించాడు. వాటిలో ఒక సన్నని మేజోడు, దాని మీద ఒక మందపాటి ఉన్ని మేజోడు వేసుకుని వేళ్లు ఆడించి చూశాను. స్వేచ్ఛగా ఆడాయి.

నాకు ఇష్టమైన గ్లౌజుల మీద మాత్రం నేను పట్టు విడవలేదు. వాటిని తీసుకునే వెళ్లాను.

మూడో రోజు, శుక్రవారం

ఓ క్లెయిర్ నుంచి హేవర్డ్ వైపు దాదాపు రెండు గంటల ప్రయాణం. దారి పొడవునా పెట్రోలు బంకుల దగ్గర, కిరాణా కొట్ల దగ్గర నారింజ రంగు కోట్లే. ఇక్కడ తుపాకి వేట రోజుల్లో నడుము పైన వేసుకునే బట్టలో కనీసం సగం మెరిసే నారింజ రంగుదో, మెరిసే గులాబీ రంగుదో ఉండాలి. టోపీ పెట్టుకుంటే దానికీ అదే నియమం. 1945లో ఎర్ర బట్టలు తప్పనిసరి చేశారు, 1980లో నారింజ రంగు వచ్చింది, 2016లో గులాబీని కూడా అనుమతించారు. జింక కంటికి ఆ నారింజ మనకు కనిపించినట్టు కనిపించదు. తోటి వేటగాడి కంటికి కొట్టొచ్చినట్టు కనిపించడానికే ఆ నియమం. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు మామూలుగా వేటగాళ్ల శిక్షణలో ఉత్తీర్ణులైతేనే లైసెన్సు ఇస్తారు. తమ్ముడు ఆ శిక్షణ పొందాడు. నాకు లైసెన్సు లేదు కనుక తుపాకి ముట్టకుండా పక్కన కూర్చునే మనిషిగానే వెళ్లాను, నారింజ చొక్కా మాత్రం వేసుకున్నాను.

తమ్ముడి సహోద్యోగి కుటుంబానికి అడవి అంచున 40 ఎకరాల పొలం, అందులో కట్టెల పొయ్యి ఉన్న చెక్క ఇల్లు ఉన్నాయి. ఆ ఇంటి పెద్దాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. నారింజ చొక్కా లోపల తన తండ్రి వాడిన ఎరుపు నలుపు గళ్ల ఉన్ని కోటు వేసుకున్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఆయన, తండ్రి ద్వారా విన్న 1940 నవంబర్ 11 నాటి తుఫాను సంగతి చెప్పాడు. పొద్దున ఎండగా ఉందని పలుచని బట్టలతో మిసిసిపి నది రెల్లుపొదల్లోకి బాతుల వేటకు పోయినవాళ్ల మీద మధ్యాహ్నానికి మంచు తుఫాను విరుచుకుపడింది. ఈ ప్రాంతపు రాష్ట్రాలన్నింటిలో కలిపి దాదాపు 150 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది వేటగాళ్లే. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఇంట్లో ఎవరూ వాతావరణ సూచన వినకుండా గడప దాటరు.

పడుకునే ముందు తమ్ముడు రైఫిల్‌ను, అందులో గుండ్లు లేవని చూసుకుని, పెట్టెలో పెట్టి తాళం వేసి, పొయ్యి వెచ్చదనం తగలని బయటి అరుగుగదిలో ఉంచాడు. చల్లని ఇనుమును వెచ్చని గదిలోకి తెస్తే తేమ పడుతుంది. మళ్లీ బయటికి తీసుకెళ్తే ఆ తేమ గడ్డకట్టి తూటాను పేల్చే సూది కొట్టుకోదు, తుపాకి మీది దూరదర్శిని అద్దం మసకబారుతుంది. చిక్కటి నూనె కూడా ఈ చలికి జిగురు పడుతుందని ముందే తుడిచేశాడు.

నాలుగో రోజు, శనివారం

ఈ రోజు జరిగినది ఉన్నదున్నట్టు రాయాలి.

నాలుగింటికి లేచాం. అరుగు మీది ఉష్ణమాపకం 5 ఫారెన్‌హీట్ చూపిస్తోంది, మన లెక్కలో మైనస్ 15. గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తోంది. అంత గాలిలో ఒంటికి తగిలేది మైనస్ 24 అన్నట్టే. కూర్చోవలసిన చోటు కిలోమీటరుకు కొంచెం పైన ఉంది. "జాకెట్టు, పై ప్యాంటు వేసుకోకు, మూట కట్టి వీపుకు తగిలించుకో. నడక మొదలుపెట్టినప్పుడు చలిగా ఉండాలి" అని తమ్ముడు రెండుసార్లు చెప్పాడు. తలుపు తెరవగానే ముఖాన్ని కొట్టిన గాలికి భయపడి, నేను ఉన్నవన్నీ తొడుక్కునే నడిచాను. మోకాలి కింద దాకా ఉన్న మంచులో, వెనకబడకూడదన్న తొందరలో అడుగులు వేశాను. కదలకుండా కూర్చున్న మనిషి దాదాపు 100 వాట్ల వేడి పుట్టిస్తాడు. బరువు మోస్తూ మంచులో నడిచేవాడు దానికి నాలుగైదు రెట్లు పుట్టిస్తాడు. ఆ వేడంతా బట్టల్లో చిక్కుకుని, మేము చేరేసరికి నా వీపు తడిసి ముద్దయింది.

వాళ్లు కట్టుకున్న గుడ్డ గూడారంలో చిన్న మడత కుర్చీల మీద కూర్చున్నాం. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి తుపాకి పేల్చవచ్చు. ఆ గడియ కోసం అడవంతా ఊపిరి బిగపట్టినట్టుంది. మొదటి అరగంట హాయిగానే గడిచింది. తర్వాత వీపు మీద తడి చల్లబడటం మొదలై, రెండు భుజాల మధ్య ఎవరో చల్లని పలక ఆనించినట్టయింది. ఎనిమిదిన్నరకు నా దవడ నా మాట వినడం లేదు. గ్లౌజుల్లో వేళ్లు తెల్లబడ్డాయి. ఐదు వేళ్లకు ఐదు గదులున్న గ్లౌజులో ఏ వేలికావేలు ఒంటరిగా చల్లారిపోతుంది. తమ్ముడు అది గమనించి, తాను వేసుకున్న తోలు తొడుగులు తీసి నా చేతులకు తొడిగాడు. వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే ఆ తొడుగులను ఇక్కడివాళ్లు చాపర్లంటారు. వాటిలోని వేడి పొట్లాలు కూడా నాకే ఇచ్చేశాడు. అతని చేతులకు మిగిలినవి తుపాకి పట్టుకోవడానికి వేసుకునే పలుచని గ్లౌజులు మాత్రమే.

తొమ్మిది దాటాక ఎదుట దేవదారు చెట్ల మధ్య నుంచి ఒక మగజింక బయటికి వచ్చి ఎనభై గజాల దూరంలో ఆగింది. పక్కకు తిరిగి నిలబడింది. వేటగాడు కోరుకునే నిలకడ అదేనట. దాని ముక్కు నుంచి వస్తున్న ఆవిరి కూడా కనిపిస్తోంది. తమ్ముడు రైఫిల్ ఎత్తాడు. నేను ఊపిరి బిగపట్టాను. తుపాకి గొట్టం చివర సన్నగా వణకడం చూశాను. పది లెక్కపెట్టేంతసేపు అలాగే ఉండి, అతడు నెమ్మదిగా తుపాకి దించేశాడు. జింక కాసేపు మావైపు చూసి, తోక ఎత్తి తెల్లగా మెరిపించి, చెట్లలోకి వెళ్లిపోయింది.

నన్ను నడిపించుకుని వెంటనే ఇంటికి బయలుదేరాడు. పొయ్యి దగ్గర తడి బట్టలు మార్చుకుని, వేడి నీళ్లు తాగి, వణుకు తగ్గాక అడిగాను, ఎందుకు పేల్చలేదని. "వేలికి ట్రిగ్గర్ తగిలినట్టు తెలియలేదు అక్కా. గురి జానెడు తప్పితే తూటా గుండెకు కాక కడుపుకు తగులుతుంది. అప్పుడు అది పారిపోయి, ఏ పొదలోనో పడి, గంటల తరబడి చస్తుంది. చేతులు వణికేటప్పుడు పేల్చకూడదు." ఆ మాట విన్నాక నాకు ఇంక చలి గుర్తు రాలేదు. పత్తి వద్దని, బూటు వదులుగా ఉండాలని, నెమ్మదిగా నడవమని వాళ్లు చెప్పినదంతా సుఖం కోసం చెప్పినదని ఇన్నాళ్లూ అనుకున్నాను. వెచ్చగా ఉండటం ఆ జంతువు పట్ల వేటగాడు తీర్చుకోవలసిన బాధ్యత అని, నా పొరపాటు వల్ల ఆ బాధ్యత కొద్దిలో తప్పిపోయేదని అప్పుడు తెలిసింది.

సాయంత్రం గొంగడి బయటికి తీశాను. పెద్దాయన దాన్ని చూసి, వేళ్లతో ఉన్నిని రుద్ది, వాసన చూసి, చెవి దగ్గర పెట్టుకుని నలిపాడు. చప్పుడు కాలేదు. నా జాకెట్టు నైలాను కదిలినప్పుడల్లా చేసే సరసర శబ్దం జింకకు చాలా దూరం నుంచే వినబడుతుందని, దీన్ని తప్పకుండా తీసుకెళ్లమని చెప్పాడు. మా నాయన వానలో పొలానికి పోయేటప్పుడు దాన్ని ఒక మూల మడిచి తలమీదుగా ఎలా కప్పుకునేవాడో ఆయనకు చేసి చూపించాను.

ఐదో రోజు, ఆదివారం

గాలి ఆగిపోయింది, చలి మాత్రం మైనస్ 21కి దిగింది. ఈ రోజు ప్రతి పనీ చెప్పినట్టే చేశాను.

ఇంట్లోంచి ఉన్ని ఇన్నరు, పలుచని స్వెటరు, నారింజ చొక్కాతోనే బయలుదేరాను. మొదటి ఐదు నిమిషాలు పళ్లు కొరుక్కుంటూ నడిచాను. ఆ తర్వాత ఒళ్లు తానే వెచ్చబడింది. నుదుటి మీద చెమట పొడచూపిందనిపిస్తే ఆగమన్నాడు, రెండుసార్లు ఆగాం. నిన్న ఇరవై నిమిషాల్లో నడిచిన దారికి ఇవాళ నలభై నిమిషాలు పట్టింది. గూడారం చేరాక వెంటనే కూర్చోలేదు. టోపీ తీసి, చొక్కా బొత్తాలు విప్పి, రెండు నిమిషాలు ఒంట్లోని ఆవిరి పోనిచ్చి, మేజోళ్లు మార్చుకుని, అప్పుడు మూటలోని మందపాటి జాకెట్టు, పై ప్యాంటు తొడుక్కున్నాను. తడి మేజోళ్లను పక్కన పడేసిన పావుగంటకు అవి చెక్కముక్కల్లా బిగుసుకుపోవడం చూస్తే, నిన్న నా కాళ్లకు జరిగినది ఏమిటో అర్థమైంది.

పాదాల కింద మంచును తోసేసి నేల కనిపించేదాకా గీకాడు తమ్ముడు. ఒక రబ్బరు నురుగు పలకను కాళ్ల కింద, ఇంకొకదాన్ని కుర్చీ మీద వేశాడు. గాలిలోకి పోయే వేడి గురించే మనం ఆలోచిస్తాం. కూర్చున్న మనిషి దగ్గర నుంచి కుర్చీ, నేల నేరుగా లాగేసుకునే వేడి తక్కువేమీ కాదు. ఆ పలక మీద గొంగడిని నాలుగు మడతలుగా పరిచి కూర్చుని, మిగిలిన కొసను ఒడి మీదుగా మోకాళ్ల కింద దాకా కప్పుకున్నాను. కాసేపటికి నా ఒంటి వేడికి అందులోంచి సన్నగా గొర్రె వాసన వచ్చింది. మా ఊరి చెరువుగట్టు మీద వాన వెలిశాక వచ్చే వాసన అదే. దాదాపు ఎనిమిది వేల మైళ్ల దూరంలో మంచు మధ్య కూర్చుని ఆ వాసన పీల్చినప్పుడు నా కళ్లు తడిశాయి. ఈ చలిలో కన్నీళ్లు కూడా పెట్టుకోకూడదని తుడుచుకున్నాను.

చేతులకు ఇవాళ పలుచని ఉన్ని గ్లౌజులు, వాటి మీద నాకోసం తెచ్చిన చాపర్లు. వేడి పొట్లాల సంగతి కొంచెం చెప్పాలి. వాటిలో ఉండేది ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు పొడి, కొంచెం తేమ. కవరు చింపగానే గాలిలోని ఆక్సిజన్‌తో ఇనుము తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. అంటే అది మన ఇంటి గేటుకు పట్టే తుప్పే, కాకపోతే త్వరత్వరగా పడుతుంది. గాలి ఆడని బూటు అడుగున దూరిస్తే చాలాసార్లు సరిగ్గా పనిచేయదు. తమ్ముడు నా పొట్లాలను వేళ్ల దగ్గర కాకుండా మణికట్టు లోపలివైపు, నాడి కొట్టుకునే చోట, గ్లౌజు మీద నుంచి పెట్టాడు. వేళ్లకు పోయే రక్తం అక్కడే వెచ్చబడి పోతుంది. చర్మానికి నేరుగా ఆనిస్తే కాలే ప్రమాదం ఉంది.

తిండి కూడా పనిముట్టే. ఫ్లాస్కులో వేడి వేడి అల్లం టీ, జేబులో నువ్వులుండలు. గంటకొకటి తినేవాళ్లం. నువ్వులు, బెల్లం కలిపి చలికాలంలో తినాలని మన పెద్దలు పెట్టిన ఆచారం ఈ పనికి అతికినట్టు సరిపోయింది: బెల్లం వెంటనే అందుతుంది, నువ్వుల నూనె నెమ్మదిగా గంటల తరబడి కాలుతుంది. నీళ్ల సీసాను మూత కిందికి వచ్చేలా తలకిందులుగా పెట్టుకున్నాం, మంచు పైభాగాన ముందు కడుతుంది కాబట్టి మూత గడ్డకట్టదు. ఆడవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల మామూలు కంటే ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లవలసి వస్తుంది. అది ఇబ్బందని నీళ్లు తాగడం మానేస్తే ఒళ్లు ఇంకా త్వరగా చల్లబడుతుంది. తాగాలి, వెళ్లాలి. నడుము దగ్గర ఇబ్బంది లేకుండా విప్పుకోగల బట్టలు వేసుకోవాలి. సారా తాగితే వెచ్చగా ఉంటుందన్నది కూడా భ్రమే. చర్మం వెచ్చబడినట్టు అనిపిస్తుందే గానీ లోపలి వేడి బయటికి పోతుంది.

కదలకుండా కూర్చోవాలి, కానీ రక్తం కదలాలి. దానికి తమ్ముడు నేర్పిన ఉపాయం బాగుంది. బూటులో కాలివేళ్లను పదేసి సార్లు ముడిచి చాపడం, తొడల కండరాలను బిగించి పదంకెలు లెక్కపెట్టి వదలడం, భుజాలు చెవుల దాకా ఎత్తి దించడం. పక్కన ఉన్న మనిషికి కూడా తెలియదు. స్నో వరల్డ్‌లో నాకు ఎందుకు చలి వేయలేదో అప్పుడు సంపూర్ణంగా బోధపడింది. అక్కడ గంటసేపూ నడుస్తూనే ఉన్నాను. చలిలో నడవడం ఎవరైనా నేర్చుకోవచ్చు; కదలకుండా కూర్చోవడం వేరే విద్య.

వణుకు మొదలైతే సిగ్గుపడకుండా చెప్పాలన్నది అక్కడి మొదటి నియమం. ఒంటి లోపలి వేడి 37 నుంచి 35 డిగ్రీల కంటే కిందికి దిగితే అది ప్రాణాపాయానికి తొలిమెట్టు. చేతిలో వస్తువులు జారడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. బాగా వణికిన మనిషికి, ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే తగ్గిందని సంతోషించకూడదు, అసలు ప్రమాదం అప్పుడే. మేమిద్దరం అరగంటకోసారి ఒకరి ముక్కు, చెంపలు ఒకరం చూసుకునేవాళ్లం, చర్మం గడ్డకడుతోందనడానికి గుర్తైన మైనం రంగు మచ్చ కనిపిస్తుందేమోనని.

సాయంత్రం దాకా కూర్చున్నాం. రెండు ఆడజింకలు, ఒక పిల్ల దూరంగా నడిచిపోయాయి, తమ్ముడు పేల్చలేదు. ఎనిమిది గంటలు మైనస్ ఇరవైలో కూర్చుని లేచినప్పుడు నా కాలివేళ్లు వెచ్చగా ఉన్నాయి.

ఆరో రోజు, సోమవారం

పొద్దున 7.40కి, మంచు మీద ఎండ ఇంకా పడకముందే, మొన్న వచ్చిన చోటు నుంచే ఒక మగజింక వచ్చింది. అదే అవునో కాదో చెప్పలేను. తమ్ముడు చాపరు తీసి ఒడిలో పెట్టుకుని తుపాకి ఎత్తాడు. ఈసారి గొట్టం కదలలేదు. ఒక్క చప్పుడు. జింక నలభై అడుగులు పరుగెత్తి పడిపోయింది. మేము చేరేసరికి దాని కన్ను తెరిచే ఉంది, అందులో చెట్ల కొమ్మలు కనిపిస్తున్నాయి. నేను గ్లౌజు తీసి దాని మెడ మీద చేయి వేశాను. శీతాకాలపు వెంట్రుకలు బిరుసుగా, దట్టంగా ఉన్నాయి. ఒక్కొక్క వెంట్రుక లోపల గాలి ఉంటుందట. వేళ్లు లోపలికి పోతున్నకొద్దీ వెచ్చగా, చర్మం దగ్గర పొయ్యి పక్కన ఉన్నట్టు ఉంది. మనం నాలుగు పొరలు వేసుకుని సాధించేదాన్ని అది ఒక్క తోలుతో సాధించింది. హరిణ వనస్థలి కంచె దగ్గర నిలబడి చూసిన జింకలు గుర్తొచ్చాయి. దుఃఖం కలిగింది, దాన్ని దాచుకోవాలని అనిపించలేదు. తమ్ముడు కూడా కాసేపు టోపీ తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

తర్వాత పని తొందరగా జరగాలి. పేగులు తీసి మాంసం చల్లబడనివ్వాలి. కత్తి పట్టిన చేతులు ఆ వేడి ఆవిరిలో ఉన్నంతసేపు బాగానే ఉంటాయి. బయటికి తీసిన మరుక్షణం తడి వేళ్లు గడ్డకడతాయి. అందుకే రబ్బరు గ్లౌజులు, తుడుచుకోవడానికి పొడిగుడ్డ, ఇంకొక జత ఉన్ని గ్లౌజులు ముందే విప్పి సిద్ధంగా పెట్టుకున్నాడు. నా పని ఆ పొడి గ్లౌజులను నా జాకెట్టు లోపల, పొట్టకు ఆనించి వెచ్చగా ఉంచడం. వాటిని అందించినప్పుడు "నీ పుణ్యమా అని వేళ్లు మిగిలాయి అక్కా" అన్నాడు.

జింకను మంచు మీద జారే ప్లాస్టిక్ బండి మీద కట్టి ఇంటికి లాగేటప్పుడు మళ్లీ జాకెట్లు విప్పేసి, మూటలో కట్టి, నెమ్మదిగా నడిచాం. జింకను కొట్టిన మర్నాడు సాయంత్రం 5 గంటలలోగా ప్రభుత్వానికి నమోదు చేయాలి, ఫోనులోనే చేశాడు. ఈ రాష్ట్రంలో 2002లో మొదటిసారి కనిపించిన, జింకలకు వచ్చే క్షీణత వ్యాధి ఉందేమో చూడటానికి లింఫ్ గ్రంథుల నమూనా పరీక్షకు ఇచ్చాడు. ఫలితం వచ్చేదాకా ఆ మాంసం వండకూడదన్నది అతని నియమం. ఆ రాత్రి మేము పప్పుచారు, అన్నం తిన్నాం. పెద్దాయన మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఏడో రోజు, మంగళవారం

ఓ క్లెయిర్‌కు తిరుగు ప్రయాణం. బూట్ల లోపలి ఫెల్ట్ తొడుగులను విడదీసి, గొంగడిని దులిపి, గదిలో ఆరేశాను. బయలుదేరేముందు పెద్దాయన నాకు వాళ్ల నాన్న నాటి ఒక జత ఉన్ని మేజోళ్లు ఇచ్చాడు, మడమ దగ్గర రెండుచోట్ల రఫ్ఫు చేసి ఉన్నాయి.

హైదరాబాద్, డిసెంబర్

తిరిగివచ్చిన రెండో రోజు పొద్దున మేడ మీద తీగకు గొంగడి ఆరేసి చూస్తే, నేతలో ఇరుక్కుని పది పన్నెండు దేవదారు ఆకులు కనిపించాయి. సూదిలా సన్నగా ఉన్నవాటిని ఒక్కొక్కటే లాగి, చిన్న సీసాలో వేసి, మా నాయన ఫొటో దగ్గర పెట్టాను. అప్పుడే తమ్ముడి సందేశం వచ్చింది: జింకలో వ్యాధి లేదు, అక్కడ ఇవాళ మైనస్ 24, రెండు గొంగళ్లు కావాలి, ఒకటి పెద్దాయనకు.

ఇప్పుడు ఆ నేత నేసేవాళ్లు బాగా తగ్గిపోయారు. వచ్చే ఆదివారం సిద్దిపేట వైపు వెళ్తున్నాను. మరమగ్గం మీది కలగలుపు దుప్పటి కాకుండా, దక్కనీ గొర్రె ఉన్నితో, చింతగింజల గంజి పెట్టి నేసినవే కావాలని ఒక నేత ఇంటికి ఫోను చేసి చెప్పాను. కొలతలు అడిగారు. కూర్చుంటే కిందకు నాలుగు మడతలు రావాలని, మిగిలినది ఒడి మీదుగా పాదాల దాకా అందాలని చెప్పాను.